రెండుసార్లు రాసే మనిషి

చిత్తూరు బస్టాండులో ఇప్పుడు మైకులో వచ్చేది ఒక ఆడమనిషి గొంతు. ఎక్కడో ఒకసారి చెప్పించి మిషన్లో పెట్టేసినట్టున్నారు. ఎండకూ వానకూ అదే గొంతు, ఆలస్యమైన బస్సుకూ అదే గొంతు. మొన్న పలమనేరు బస్సు కోసం కూర్చుని ఉన్నాను. ఆమె చెప్పవలసింది ఒకసారి చెప్పి, కాస్త ఆగి, అదే మాట మళ్లీ చెప్పింది. ఆ రెండోసారి దగ్గర నాకు సార్ గుర్తొచ్చాడు. బస్సు వచ్చి, నిలిచి, పోయింది. నేను సంచీ ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను.

ఆయన పేరు రాయను. ఆ పేరు మీద జరిగినదంతా చూశాక రాయడానికి చెయ్యి రావడం లేదు.

సార్ ఆ బస్టాండులోనే మైకు ముందు కూర్చుని ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నేను వాళ్లింట్లో వంటకు చేరేనాటికి ఆయనకు గొంతు లేదు. గొంతులో పుండు లేచిందని వేలూరుకు తీసుకుపోతే, ప్రాణం నిలవాలంటే మాట పోవాలన్నారట. మెడ కింద ఒక రంధ్రం, దాని మీద తడిపిన పల్చటి గుడ్డ. ఊపిరి పీల్చేది అక్కడి నుంచే. నవ్వు వస్తే ఆ గుడ్డ టపటపా కొట్టుకునేది. అది చూసి, ఓహో సార్ నవ్వుతున్నాడు అనుకోవాలి.

చేతిలో ఎప్పుడూ ఒక పలక. చిన్నపిల్లలు బడికి తీసుకుపోయే చెక్క అంచుల పలకే. బలపాన్ని దారంతో చొక్కా గుండీకి కట్టుకునేవాడు. తుడవడానికి జేబులో తడిగుడ్డ. అందువల్ల ఆయన చొక్కాలన్నిటికీ జేబు దగ్గర బూడిదరంగు మరక ఉండేది, ఎంత ఉతికినా పోయేది కాదు.

నాకప్పటికి నలభై దాటాయి. పొదుపు సంఘంలో సంతకం నేర్పించారు. నా పేరును నేను ముగ్గు వేసినట్టు వేసేదాన్ని. ఏ గీత ఏ అక్షరమో తెలియదు. మొదటిరోజు సార్ అన్నం తింటూ ఏదో రాసి పలక నా ముందు పెట్టాడు. నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. వాళ్లావిడ లోపలి నుంచి వచ్చి చదివింది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. పలక మీద ఉన్నది ఇది: "చారులో ఉప్పు తక్కువగా ఉన్నది. చారులో ఉప్పు తక్కువగా ఉన్నది."

అంత తక్కువైందా అని నేను బెదిరిపోతే అక్క నవ్వింది. "ఉప్పు అంత తక్కువేం కాదు మే. ఏది చెప్పినా రెండుసార్లు చెప్పేది ఆయనకు మైకు కాడ అలవాటైపోయింది. పెండ్లయిన కొత్తల్లో కాఫీ ఇయ్యమని కూడా రెండుసార్లు అడిగేవాడు. నాకేమన్నా చెవుడా అని తగులుకునేదాన్ని."

నాకు చదువు వచ్చింది ఆ రెండుసార్ల వల్లనే. మొదటి వరస చూస్తే ఏమీ తెలిసేది కాదు. రెండో వరసలో అవే బొమ్మలు మళ్లీ కనిపించేవి. పైన ఉన్నది కిందా ఉంది కదా అని వెతికేదాన్ని. ఉప్పు అన్న మాట అట్లా దొరికింది, తర్వాత చారు, తర్వాత తక్కువ. నేను వెతుకుతున్నానని ఆయన కనిపెట్టాడు. ఆ తర్వాత నేను చదివేదాకా పలక తుడిచేవాడు కాదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, పలక అట్లాగే పట్టుకుని నిలబడేవాడు. పాలు పోయినాయి కదా అని అక్క ఇద్దరినీ కలిపి తిట్టేది.

మైకు భాష ఆయన్ను వదల్లేదు. పాలాయన రాకపోతే, "గమనిక. పాలవాడు ఆలస్యముగా నడుచుచున్నాడు" అని రాసేవాడు. అక్క మూతి ముడుచుకుని తిరుగుతుంటే ఆమె వీపు వెనకాల నుంచి నాకు పలక చూపించేవాడు: "ఈ ఇంటి యజమానురాలు అలకతో బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది." ఇంటి ముందర రోడ్డు మీద హారన్ వినపడితే, బస్సు మలుపు తిరగక ముందే అది ఏ ఊరి బస్సో రాసి పెట్టేవాడు. కుప్పం అని రాస్తే కుప్పం బస్సే వచ్చేది. ఒకసారి నాది ఏ ఊరని అడిగాడు. పలమనేరు పక్కన పల్లె అన్నాను. చదువు రాని రోజుల్లో బస్సు బోర్డులు తెలియక, మైకులో చెప్పేదాకా చెవి పెట్టుకుని కూర్చునేదాన్నని కూడా చెప్పాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి రాశాడు: "నీ బస్సు నేనే పంపినా. నీ బస్సు నేనే పంపినా." మైకు భాష లేకుండా ఆయన రాయడం నేను చూసింది తక్కువ. అప్పుడు దాన్ని తమాషాగానే తీసుకున్నాను.

అన్ని రోజులూ తమాషాగా ఉండేవి కావు. పలక ఒళ్లో బోర్లించి ఉంటే ఎవరూ దగ్గరికి పోకూడదు. ఒకసారి అక్క మీద కోపం వచ్చి, బలపం విరిగేటట్టు ఏదో రాసి ఆమె మొహం ముందర పెట్టాడు. అక్కకు కళ్లద్దాలు లేకుండా కనపడదు. అద్దాలు యాడ పెట్టినానో అని ఆమె అలమర అంతా వెతుకుతుంటే, ఈయన పలక పట్టుకుని వెంట తిరిగాడు. అవి దొరికేసరికి కోపం చల్లారిపోయింది. రాసింది తానే తుడిచేసి కుర్చీలో కూలబడ్డాడు. కోపగించుకోవాలన్నా ఎదుటివాళ్లు అద్దాలు పెట్టుకునేదాకా ఆగవలసిన మనిషి. ఆ రోజంతా పలక బోర్లించే ఉంది.

ముందు గదిలో ఒక కంప్యూటర్ ఉండేది. దాని మీద అక్క కుట్టిన పూల గుడ్డ. గొంతు పోతుందని డాక్టర్లు చెప్పాక, ఆపరేషన్‌కు ముందు సార్ దాన్ని కొన్నాడట. టేపులంటే ఆయనకు నమ్మకం లేదు. బస్టాండులో టేపు నలిగి, మనిషి గొంతు దయ్యం గొంతులాగా సాగిపోవడం ఎన్నోసార్లు విన్నవాడు. అందుకని కంప్యూటర్, దానికొక మైకు. తలుపు వేసుకుని లోపల మాట్లాడుతూ కూర్చునేవాడట. అక్క కాఫీ తీసుకుపోయి తలుపు బయటే పెట్టి వచ్చేదట. చెవి పెట్టి వినలేదు. ఎందుకు వినలేదక్కా అంటే, "ఎట్లాగూ నాకే కదా చెప్తా ఉండేది, నిదానంగా విందాంలే అనుకున్యా" అంది.

వేలూరుకు బయలుదేరే పొద్దున ఆయన ఆమెతో అన్న మాట అక్క నాకు చాలాసార్లు చెప్పింది. తాను ఉన్నన్నాళ్లూ అవి వినవద్దన్నాడు, పోయినాక వినమన్నాడు. రెండుసార్లు చెప్పాడు. ఎందుకని అడిగితే, "మూగోడొకడు, మాటకారి ఒకడు, ఇద్దరు మొగుళ్లెందుకే నీకు" అన్నాడట. అక్క ఆ మాట మీదనే నిలబడింది. కంప్యూటర్ మీద దుమ్ము తుడిచేదే తప్ప ఏనాడూ పెట్టమని అడగలేదు.

సార్ మాత్రం రోజూ స్నానం చేసి వచ్చి దాన్ని వేసేవాడు. తెర మీద ఆయన పేరు, పక్కన ఒక బాతు బొమ్మ, తర్వాత స్వాగతం చెప్పే మాట వచ్చేవి. ఆయన తన ఫోల్డర్ తెరిచి, లోపలున్న పేర్లు ఒక్కొక్కటీ చూసి, ఏదీ పెట్టకుండా మూసేసేవాడు. డిపోలో బస్సులన్నీ ఉన్నాయో లేదో చూసుకుని తాళం వేసినట్టు ఉండేది.

ఒక పొద్దున ముందు గదిలో నుంచి చప్పట్లు వినపడ్డాయి, సార్ మమ్మల్ని పిలిచేది అట్లాగే. పోయి చూస్తే పలక నా వైపు తిప్పి ఉంది: "నా గొంతుకు నాకే అనుమతి లేదట. నా గొంతుకు నాకే అనుమతి లేదట." ఫోల్డర్ ఉన్నచోటే ఉంది. తెరవబోతే నీకు అనుమతి లేదని పెట్టె వస్తోంది. దానికి కొద్దిరోజుల ముందు వైరస్ పట్టిందని ఒక మెకానిక్ వచ్చి అంతా మళ్లీ కొత్తగా ఎక్కించి పోయాడు. ఆ మెకానిక్‌నే అడగాలి. మాట లేనివాడు ఫోన్‌లో ఎట్లా అడుగుతాడు? అక్క ఆ ఇంగ్లీషు మాటలు తనకు నోరు తిరగవని ఫోన్ నా చేతికిచ్చింది.

సార్ రాస్తాడు, నేను కూడబలుక్కుని ఫోన్‌లో చదువుతాను. అవతల మెకానిక్ చెబుతాడు, నేను విన్నది విన్నట్టు సార్‌తో అంటాను. పిల్లలెవరినైనా పిలువక్కా అని మెకానిక్ విసుక్కున్నాడు. "పిల్లలు లేరప్పా ఈ ఇంట్లో. నేను వంటామెను. నిదానంగా చెప్పు" అన్నాను. ఎక్కడో అడుగున ఉన్న టిక్కు తీసేయమన్నాడు. అది తీస్తే అంతకుముందు కనపడని ఒక పేజీ బయటికొచ్చింది. ఈ ఫోల్డర్‌ను ఎవరెవరు తెరవవచ్చో అందులో పేర్లుంటాయట. ఎవరి పేరు ఉందో చదవమన్నాడు. అది ఇంగ్లీషు. సార్ పలక మీద రాశాడు, నేను చదివాను: పేరు లేదు, పొడుగ్గా ఒక నంబరు ఉంది, దాని ముందు ప్రశ్న గుర్తు ఉంది.

"అది సారే అక్కా" అన్నాడు మెకానిక్. "మిషను మనల్ని పేరు సూసి గుర్తుపట్టదు. లోపల ఒక నంబరు పెట్టుకోనుంటాది. నేను మళ్లా ఎక్కించినప్పుడు సార్‌కు కొత్త నంబరు ఇచ్చింది. పేరు అదే, మనిషి వేరే అనుకుంటా ఉండాది."

ఆయన చెప్పినట్టే సార్ తన పేరును సొంతదారుగా పెట్టి, లోపలున్న వాటన్నిటికీ ఇదే అని టిక్కు పెట్టాడు. ఒక పచ్చటి గీత నిండుతూ పోయింది. ఫోల్డర్ తెరుచుకుంది. మెడ మీద గుడ్డ టపటపా కొట్టుకుంది. ఆయన పలక తుడిచి రాశాడు: "బాగా చదివినావు." నేను రెండో వరస కోసం చూశాను. రాయలేదు. ఒక్కసారే రాసి, కాసేపు ఉంచి, తుడిచేశాడు.

ఆ తర్వాత ఆయనకు బెదురు పట్టుకుంది. రోజూ ఆ పేజీలు తెరిచి ఇదీ అదీ చూస్తూ ఉండేవాడు. ఒకరోజు నన్ను పిలిచి చూపించాడు. లోపలి పేర్లన్నీ నలుపు పోయి పచ్చగా మారాయి. ఏదో ఒక గడిలో టిక్కు పెడితే అట్లా అయ్యాయట. "ఇక ఎవరూ ముట్టుకోలేరు. ఇక ఎవరూ ముట్టుకోలేరు." కింద ఇంకా చోటుంటే "రైట్. రైట్." అని కూడా రాశాడు. బస్సు నిండిపోయి కండక్టర్ రైట్ చెప్పినప్పుడు ఉండేటంత నిమ్మళం ఆయన మొహంలో.

ఆ పచ్చటి పేర్లే నాకు పాఠం. తెలుగులో పెట్టుకున్నాడు అన్నీ. పొద్దున. కాఫీ బాగుంది. అలిగినప్పుడు. జ్వరం వచ్చినప్పుడు. ఊరికి పోయేటప్పుడు. కరెంటు పోయినప్పుడు. చివర ఒకటి, 'ఊరికే' అని. కరెంటు పోతే ఈ మిషను యాడ పలుకుతాది సార్ అని నేనంటే, ఆయన అది అంతవరకూ తోచనట్టు నన్ను చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పేరు మాత్రం మార్చలేదు.

ఆయన చలికాలంలో పోయాడు. పొద్దున కాఫీ తీసుకుపోతే కుర్చీలోనే ఉన్నాడు, పలక ఒళ్లో బోర్లించి ఉంది. అట్లా ఉంటే దగ్గరికి పోకూడదు కదా అని నేను కాఫీ పక్కన పెట్టి వచ్చేశాను. అక్క వెళ్లి చూసింది.

పెద్ద దినానికి పలమనేరు నుంచి సార్ వాళ్లక్క వచ్చింది. ఆయన్ను తల్లిలాగా సాకిన మనిషి. వాళ్లలో ఆ రోజు పోయినవాళ్ల వస్తువులేవీ ఇంట్లో ఉంచరు. చెప్పులు, కంచం, పరుపు, చొక్కాలు ఇవ్వవలసిన వాళ్లకు ఇచ్చేశారు. పలక కూడా ఆ చొక్కాలతోనే పోయింది. పటం కట్టించడానికి ఫొటో కావాలని ఆమె కొడుకు ముందు గదిలో కంప్యూటర్ వేశాడు. సార్ పేరు వచ్చింది, బాతు బొమ్మ వచ్చింది, స్వాగతం వచ్చింది. ఏం రాసింది నాయనా అని ఆమె అడిగితే కొడుకు చదివి చెప్పాడు. ఆమె గడప మీద కూర్చుండిపోయింది.

"పోయినోణ్ణి పొద్దున లేస్తానే పేరు పెట్టి ఇంట్లేకి రమ్మని పిలస్తా ఉంటే వాడు ఎట్ల పోతాడు నాయనా? యాడ తిరగతా ఉండాడో నా బిడ్డ. తీసేయ్ దాన్ని."

అందులో తప్పుందని అక్కడున్న ఎవరికీ తోచలేదు. కట్టుకున్న బట్టనే ఉంచనివాళ్లు పిలిచే పేరును ఎట్లా ఉంచుతారు? అక్క ఒక్కటే అడిగింది, లోపలున్నవి పోవు కదా అని. పోవు అత్తా అని ఆ కొడుకు తెర చూపించాడు. ఈ పేరు తీసేస్తే ఫైళ్లను ఉంచాలా తీసేయాలా అని మిషనే అడుగుతోంది. ఉంచు అని అందరికీ కనపడేటట్టు నొక్కాడు. పేరు పోయింది, బాతు పోయింది. ఫోల్డర్ మాత్రం తెర మీద భద్రంగా ఉంది. సార్ వాళ్లక్క దానికి దండం పెట్టి కళ్లు తుడుచుకుంది.

అక్క నెల మాసికం దాకా ఆగింది. ఆ మధ్యలో ఒకరోజు బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేసింది. "ఆయన గొంతు మరిచిపోతా ఉండాను మే. ఇన్నేండ్లు పలకతోనే సరిపోయ కదా. ఏమే అని పిలిచేది సగం దాకా వస్తాది, ఆడ తెగిపోతాది." ఇక వినేస్తానంది. మాసికం మరునాడు తలస్నానం చేసి, దీపం పెట్టి, ముందు గదిలో ఆయన కుర్చీలో కూర్చుంది. ఏది పెట్టాలక్కా అన్నాను. 'ఊరికే' అన్నది పెట్టమంది.

నొక్కాను. సౌండు డబ్బాలు సన్నగా గుయ్యిమన్నాయి. తెర మీద పెట్టె వచ్చింది. అది ఏమి చెబుతుందో నాకు చదవకుండానే తెలుసు. ఇంకోటి నొక్కాను. 'అలిగినప్పుడు' అన్నది నొక్కాను, 'జ్వరం వచ్చినప్పుడు' అన్నది నొక్కాను. అన్నిటికీ అదే పెట్టె.

ఇదివరకు ఒకసారి ఇట్లాగే అయింది, బాగైంది, ఇదీ అవుతుందని అక్కకు చెప్పి మెకానిక్‌ను పిలిపించాను. ఆయన వచ్చి ఆ పేజీ తెరిచాడు. పేరు లేదు. ప్రశ్న గుర్తు, పొడుగాటి నంబరు. ఇది ఆయనేనా అని అక్క అడిగింది. ఆయనే అమ్మా అన్నాడు. అక్క వేలితో ఆ నంబరును కొస నుంచి కొస దాకా తడిమింది. మెకానిక్ అక్క పేరును సొంతదారుగా పెట్టాడు, టిక్కులన్నీ పెట్టాడు. పచ్చ గీత నిండింది. ఆ పేజీ మూసి ఫోల్డర్ మళ్లీ తెరిచాడు. నేను దేవుడా అనుకున్నాను. ఆయన ఒక పేరు మీద నొక్కాడు. మళ్లీ అదే పెట్టె. అప్పుడాయన పేర్ల రంగు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఈ పచ్చరంగు ఎవరు పెట్టారని అడిగితే, సారే అని చెప్పాను.

 ఆయన అక్క వైపు తిరిగి చెప్పాడు. "తలుపు నేను తీసేస్తినమ్మా. ఇది తలుపు కాదు. ఎవురికీ అర్థం కాకుండా లోపల మాటల్నంతా పొడి చేసి కలిపేసినాడు సార్. దాన్ని మళ్లా మాట చేసేదానికి ఒక తాళంచెవి ఉంటాది. అది సార్ పేరు కింద ఉండె. పేరు తీసేసినప్పుడు దాంతోనే పోయింది."

"పేరు మళ్లా పెట్టు నాయనా" అంది అక్క.

పెట్టాడు. అదే పేరు, ఒక్క అక్షరం తేడా లేకుండా. బాతు బొమ్మ కూడా వెతికి పెట్టాడు. తెర ఆ పేరుకు స్వాగతం చెప్పింది. ఫైళ్లు పలకలేదు. పేరు అదే, మనిషి వేరే అని ఆయన ఫోన్‌లో నాతో అన్న మాట గుర్తొచ్చింది. ఆయన్ను ఈసారి ఆ మాట అననివ్వకూడదని నేను కాఫీ తెస్తానని లేచాను. కంప్యూటర్‌లోని డిస్కు ఊడదీసి తిరుపతికి కూడా తీసుకుపోయాడు పాపం, అక్కడ తెలిసినవాళ్లున్నారని. తిరిగి తెచ్చి ఇచ్చేటప్పుడు గడప లోపలికి రాలేదు.

కొన్నాళ్లకు పలమనేరు నుంచి సార్ వాళ్లక్క వచ్చింది. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేక గోడ పట్టుకుని వచ్చి కూర్చుని, మంచినీళ్లు కూడా తాగకముందే అడిగింది. "వింటివా వాని గొంతు?"

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. అక్క ఆమె ముందర మంచినీళ్లు పెట్టింది.

"వింటిని వదినా. నిన్ను అడిగినాడు."

"ఏమని అడిగినాడు?"

"అక్కకు కాళ్ల నొప్పులు ఎట్లుండాయో అని."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషంతోనే. అక్క ఆమె వీపు నిమురుతూ నా వైపు చూసింది. నేను పొయ్యి దగ్గరికి పోయాను.

ఆ తర్వాత అక్క సాయంత్రాలు కంప్యూటర్ వేయించి, పచ్చటి పేర్లు చదవమనేది. ఆయన మాదిరి రెండుసార్లు చదవమనేది. పొద్దున, పొద్దున. కాఫీ బాగుంది, కాఫీ బాగుంది. అక్క కళ్లు మూసుకుని వినేది. నా గొంతు వినేకొద్దీ, ఆయన గొంతులో మిగిలిన ఆ సగం కూడా నా గొంతు కిందికి పోతోందని ఆమెకు ఎప్పుడు తెలిసిందో. ఒకరోజు 'ఊరికే' అన్న పేరు దగ్గరికి వచ్చేసరికి, చాల్లే మే, ఆపేయ్ అంది. పూల గుడ్డ తెచ్చి కప్పింది. మళ్లీ తీయలేదు.

మొన్న బస్టాండులో కూర్చుని సార్ గొంతు గుర్తు తెచ్చుకోవాలని నేనూ ప్రయత్నించాను. మా అమ్మ మంచాన పడినప్పుడు ఈ బెంచీల మీదే కూర్చున్నాను. నా మొగుడు పోయాక పుట్టింటికి పోవడానికి ఇక్కడే కూర్చున్నాను. బోర్డు చదవలేక, పక్కవాళ్లను అడగడానికి సిగ్గుపడి, మైకు వైపే మొహం పెట్టుకుని ఉండేదాన్ని. ఆ గొంతు పలమనేరు అనేది. నిజమేనా అని నేను ఆగేదాన్ని. రెండోసారి అనేది, అప్పుడు లేచేదాన్ని. ఎన్నోసార్లు విన్న గొంతు. అది లావుగా ఉండేదా, సన్నగా ఉండేదా, పలమనేరు అనేటప్పుడు ఎక్కడ సాగదీసేవాడు? కళ్లు గట్టిగా మూసుకుని వెతికాను. మాట వచ్చింది. గొంతు రాలేదు. వచ్చినది ఈ మిషన్లో ఉన్న ఆడమనిషి గొంతే.

కళ్లు తెరిచేసరికి ఇంకో బస్సు లోపలికి వస్తోంది. బోర్డు దూరం నుంచే చదివేశాను, పలమనేరు. మైకులో ఇంకా ఒక్కసారి కూడా చెప్పలేదు. సంచీ తీసుకుని ఎక్కి కూర్చున్నాను.